ఆ పంతులు మా ఊళ్లో లేడు

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట నేను కనిపెట్టింది కాదు, మా అక్క వాడవాడలా చాటింది. అన్నంలో రాయి తగిలితే బియ్యం అమ్మినవాడి మీద, పాలు విరిగితే పక్కింటివాళ్ల చూపు మీద, ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే వాళ్ల ఏడు తరాల మీద నాకు అనుమానం వచ్చేదట. జనగామ బజారులో పుట్టినవాడికి అదేమీ వింత గుణం కాదు. తక్కెడ పళ్లెం కింద చింతపండు అంటించి తూచేవాళ్ల మధ్య పెరిగాను. సరుకు చూసే ముందు పళ్లెం తిప్పి చూడాలని మాకు చిన్నప్పుడే నేర్పేవాళ్లు.

అందుకే, ఢిల్లీ సర్కారు మన పంతుళ్లను పరాయి దేశాలకు పంపుతోందని తెలిసిన రోజున నేను ఎగిరి గంతెయ్యలేదు. ముందు పళ్లెం తిప్పి చూశాను.

అప్పటికి నిజాం నవాబు రాజ్యం పోయి రెండేళ్లు దాటింది. యూనియన్ సైన్యం వచ్చింది, జెండా మారింది, ఇక అన్నీ చక్కబడతాయని పట్నాల్లో మిఠాయిలు పంచుకున్నారు. మా దిక్కు పల్లెల్లో మాత్రం పోరాటం ఆగలేదు. పగలు పోలీసులు వచ్చేవారు, పొద్దుగూకాక కమ్యూనిస్టు దళంవాళ్లు వచ్చేవారు. నేను పంతులుగా ఉన్న ఊరు మానుకోటకూ దంతాలపల్లికీ నడుమ ఉంటుంది. మానుకోట అంటే మహబూబాబాదే, మేమెవరమూ ఆ పెద్ద పేరుతో పిలిచేవాళ్లం కాదు. ఊరి పటేలు, పట్వారీ ఇద్దరూ దళానికి భయపడి పట్నం చేరి ఏళ్లయింది. సర్కారు మనిషి అనేవాడు ఆ ఊళ్లో నేనొక్కణ్నే మిగిలాను. నాకు ఇరవై మూడేళ్లు.

బడి అంటే మగ్గం కొట్టం. ఒక నేత ముసలమ్మ భర్త చనిపోయాక మగ్గం అమ్మేసింది. మగ్గం పోయింది కానీ దాని గుంత మిగిలింది. పిల్లలు ఆ గుంతలోకి కాళ్లు వేలాడేసుకుని చుట్టూ కూర్చునేవారు. బొగ్గు నూరి పూసిన పాత తలుపు రెక్క మాకు బోర్డు. నా తిండి, నా పడక అన్నీ ఆ ముసలమ్మ ఇంట్లోనే. నేను ఆమెను అవ్వా అనేవాణ్ని, ఆమె నన్ను కొడుకా అనేది. కోపం వచ్చినప్పుడు మాత్రం సారూ అనేది.

అంతకు ముందు ఆరు నెలలు భూపాలపల్లి అవతల, కాటారం దగ్గర ఒక అడవి పల్లెలో పనిచేశాను. అక్కడ బడి ఉందని చెప్పి పంపారు. పోయి చూస్తే గోడలు కూడా లేవు. పలకలు పంపండని, సుద్దముక్కలు పంపండని, కనీసం వాన పడితే తలదాచుకోవడానికి నాలుగు వాసాలు ఇప్పించండని ఉత్తరం మీద ఉత్తరం రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆఖరికి నన్నే మానుకోట దిక్కుకు మార్చి చేతులు దులుపుకున్నారు.

అలాంటి సర్కారు మానుకోటలో విద్యాశాఖ కచేరీ గోడకు ఒక ప్రకటన అంటించింది. స్నేహ దేశాలలో చదువు పెంపొందించడానికి భారత ప్రభుత్వం ఉపాధ్యాయులను ఎంపిక చేసి పంపుతుంది. ఓడ ప్రయాణం, బస అన్నీ ఆ ప్రభుత్వాలతో మాట్లాడి ఏర్పాటు చేస్తుంది. తిరిగి వచ్చేదాకా ఇక్కడి కొలువు అలాగే ఉంచుతుంది. మొదట పంపేది అబిసీనియాకు, అంటే ఇప్పటి ఇథియోపియాకు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే కదా అనుకున్నాను. మా పిల్లలకు పలకలు లేవు, వీళ్లు సముద్రం అవతలికి పంతుళ్లను పంపుతారట!

అయినా దరఖాస్తు పెట్టాను. ఎందుకంటే నాకు భయం. దీనికి పెద్ద మాటలు అక్కర్లేదు. నేను సర్కారు జీతగాణ్నని దళానికి అనుమానం, దళం తిరిగే ఊళ్లో ఉంటున్నానని పోలీసులకు అనుమానం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మా పక్క ఊరి పంతులును పొలం గట్టు మీద ఎవరో కాల్చేశారు. ఎవరు కాల్చారంటే రెండు పక్షాలూ మేము కాదన్నాయి. ఆ రోజు నుంచి బూటు చప్పుడైనా, ఉత్త చెప్పుల చప్పుడైనా దీపం ఆర్పేసేవాణ్ని. నేనెవరో ఎవరికీ తెలియని చోట కొన్నాళ్లు బతికితే చాలనుకున్నాను.

హైదరాబాదు పిలిచారు. ఖద్దరు కోటు వేసుకున్న ఒక పెద్ద ఆఫీసరు నన్ను కూర్చోబెట్టి, ఎందుకు వెళ్లాలనుకుంటున్నావని అడిగాడు. విద్యాదానం చెయ్యడానికి అన్నాను. ఆయన మురిసిపోయాడు. కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశం, మన దగ్గర ఇతరులకు ఇవ్వడానికి ఇంకేముంది, చదువే ఉంది అన్నాడు. ఇవాళ మన పంతులు దగ్గర అక్షరాలు దిద్దినవాడు రేపు మంత్రి అవుతాడు, అప్పుడు మన దేశాన్ని తలచుకుంటాడు, మన సరుకు కొంటాడు అన్నాడు. ఆ ఆఖరి మాటతో నాకు ఊపిరాడింది. బేరం అయితే అర్థమవుతుంది. మా జనగామ నుంచి ఆముదపు గింజలు సముద్రం దాటి పోయేవి. ఇప్పుడు వాటి వెనక నేను పోతానన్నమాట.

నన్ను ఎంపిక చేశారు. ఇక రెండు కాగితాలు కావాలన్నారు. ఒకటి ఒంట్లో రోగం లేదని దవాఖాన ఇచ్చే కాగితం. రెండోది పోలీసుల తస్దీఖ్, అంటే ఫలానా మనిషి ఫలానా ఊళ్లో నివాసం ఉంటున్నాడు, మంచివాడు అని విచారించి రాసిచ్చే కాగితం. ఆ రెండూ నెలాఖరులోగా హైదరాబాదులో అందాలి. నేను దవాఖాన కాగితం కోసం హనుమకొండ పోయి ఐదు రోజులు అక్కడే ఉండిపోయాను. ఆ ఐదు రోజుల్లోనే పోలీసులు నా గురించి విచారించడానికి మా ఊరు వెళ్లారు.

నేను పరాయి దేశం పోతున్నట్టు ఊళ్లో ఒక్క ప్రాణికి కూడా చెప్పలేదు. చెబితే దళానికి తెలుస్తుంది, తెలిస్తే ఏమవుతుందో అని భయం. అవ్వకు కూడా చెప్పలేదు. హనుమకొండలో పని ఉందని చెప్పి వచ్చేశాను. అనుమానపు మనిషి ఎప్పుడూ చేసే తప్పే ఇది.

ఇంతకన్నా పెద్ద తప్పు ముందే చేసి ఉన్నాను. నేను ఆ ఊరికి వచ్చిన కొత్తలో పోలీసులు బడికి వచ్చారు. ఒక ఏడేళ్ల పిల్లను బుజ్జగించి, మీ చిన్నాన్న ఎక్కడున్నాడమ్మా అని అడిగారు. ఆ పిల్ల చక్కగా లేచి నిలబడి, పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలని నేను నేర్పానో అలాగే చేతులు కట్టుకుని, గడ్డివాము వెనక అని చెప్పింది. అతన్ని లారీ ఎక్కించారు. మళ్లీ అతను తిరిగి రాలేదు. ఆ పిల్ల నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ తర్వాత నేను పిల్లలకు కొత్త పాఠం మొదలుపెట్టాను. పోలీసులు ఎవరి పేరు చెప్పి అడిగినా ఆ పేరు ఎన్నడూ వినలేదనాలి. ఆ మనిషి పక్కనే నిలబడి ఉన్నా ఎరగమనాలి. నేల చూపులు చూడకూడదు. అడిగీ అడగగానే లేదనకూడదు, కాసేపు ఆలోచించినట్టు ఆగి అప్పుడు లేదనాలి. నేనే పోలీసునై, చేతిలో బెత్తం పట్టుకుని ఒక్కొక్కరినీ గద్దించి అడిగేవాణ్ని. ఎక్కాలు రానివాళ్లు కూడా ఈ పాఠంలో ఆరితేరారు. పిల్లలు ఇంటికి పోయి పెద్దవాళ్లకు నేర్పారు. రెండేళ్లలో ఆ ఊరి నుంచి పోలీసులకు ఒక్క మనిషి దొరకలేదు. నేను లోలోపల ఎంతో గర్వపడ్డాను.

ఆరో రోజు మధ్యాహ్నం నేను ఊళ్లోకి అడుగుపెట్టేసరికి బడి మాయమైంది. మగ్గం గుంత నిండా గడ్డి తొక్కి ఉంది, పైన మేకలు కట్టేసి ఉన్నాయి. మా బోర్డు కోళ్లగూడుకు తలుపైంది. పిల్లలు నన్ను చూసి కిసుక్కున నవ్వి పరుగెత్తారు. ఊళ్లో నలుగురి తరఫునా మాట్లాడేది ఒక కల్లుగీత పనివాడు, నేను అన్నా అని పిలిచేవాణ్ని. ఆయన చెట్టు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"పరేషాన్ గాకు సారూ, నిన్ను దాచినం" అన్నాడు.

"ఎవలొచ్చిన్రన్నా?"

"అమీను వచ్చిండు, ఎన్క ఆరుగురు జవాన్లు. నీ పేరు, మీ నాయిన పేరు కాగితంల రాసుకొని మరీ వచ్చిండు. గింత పక్కాగ వచ్చిండంటే నిన్ను కాల్చెతందుకే అనుకున్నం. గా పేరుగల్ల పంతులు మా ఊల్లె ఎన్నడు లేడన్నం. అసలు బడే లేదన్నం. చిన్న పిల్లలు సుత మంచిగ చెప్పిన్రు సారూ, జర ఆగి, ఆలోచన జేసి మరీ చెప్పిన్రు."

అమీను అంటే ఠాణా పెద్ద, ఇప్పుడు ఎస్సై అంటున్నాం. నేను ఇంటివైపు నడిచాను. అవ్వ గుమ్మంలో కూర్చుని ఉంది. ఆమె ఎడమ చేతికి వెదురు బద్దలు కట్టి ఉన్నాయి.

"గిదేంది అవ్వా?"

"ఏం గాలే కొడుకా. నీ పెట్టె దొరికింది ఆల్లకు. గిదెవనిదే అన్నడు అమీను. నా మొగనిది అన్న. అండ్ల ఇంగిలీసు పుస్తకం ఉన్నది. నీ మొగడు ఇంగిలీసు సదివిండానే అన్నడు. సదివిండు, మస్తు సదివిండు అన్న. గప్పుడు కొట్టిండు."

చెబుతూ చెబుతూ ఆమె నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. ఆ ముసలిది దెబ్బ తిన్నందుకు ఏడవాలో, నా పని చెడగొట్టినందుకు ఏడవాలో తెలియక అక్కడే అరుగు మీద కూలబడ్డాను.

ఆ సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. నన్ను పట్టుకోవడానికి రాలేదని, నేను మంచివాణ్నని రాసుకుపోవడానికి వచ్చారని చెప్పాను. సముద్రం అవతల అబిసీనియా అని హబ్సీల దేశం ఉందని, అక్కడి పిల్లలకు చదువు చెప్పడానికి సర్కారే నన్ను పంపుతోందని చెప్పాను. తర్వాత గీతపని అన్న మెల్లగా నోరు విప్పాడు.

"సారూ, నువ్వు సదువుకున్నోనివి. గింత తెల్వదా? సముద్రం అవుతల అండమాన్ ఉన్నది. మనోల్లను శానామందిని గా దిక్కే పంపుతమని బెదిరిస్తున్నరు. నిన్ను ఉట్టిగ లాక్కపోతే ఊరు లొల్లి చేస్తది. అందుకే నీ అంతల నువ్వే ఓడ ఎక్కేటట్టు చేసిన్రు."

"గట్ల గాదన్నా."

"మరి మనకు పలకలియ్యని సర్కారు, హబ్సీలకు పంతులును ఇస్తదా? నువ్వే చెప్పు."

అదే అనుమానం నాకూ ఉంది. మన సరుకు కొంటారని ఆ ఆఫీసరు చెప్పిన మాట చెబుదామా అనుకున్నాను, మింగేశాను. చెబితే వీళ్లు, అయితే సర్కారు మమ్మల్ని కూడా అమ్ముతుందా అని అడుగుతారు.

మర్నాడు మానుకోట ఠాణాకు పోయాను. అమీను కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు. నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద, అంతే. ఆ పేరుగల వాడు ఆ ఊళ్లో లేడని అప్పుడే రాసిపెట్టాడు. దళంవాడెవడో దొంగపేరుతో సముద్రం దాటి పారిపోవాలని చూస్తున్నాడని ఆయన అనుమానం. ఆ పంతులును నేనేనని విద్యాశాఖ కాగితం చూపిస్తే అటూ ఇటూ తిప్పి నా మొహాన విసిరాడు.

"ఇది కచేరీ వాళ్లిచ్చిన కాగితమయ్యా. నువ్వు ఆ ఊళ్లో ఉన్నావని నాకు ఊరు చెప్పాలి. ఒక్కరంటే ఒక్కర్ని తీసుకొచ్చి నా ఎదుట చెప్పించు, రాసిస్తాను."

ఒక్కరు చాలు. కానీ ఆ రోజుల్లో తనంతట తాను ఠాణా గడప తొక్కినవాడికి ఊళ్లో ఇన్‌ఫార్మరు అనే ముద్ర పడేది. ముద్ర పడితే దళం అడుగుతుంది. ఇది తెలిసి ఎవర్ని రమ్మనను? అయినా సిగ్గు విడిచి అడిగాను. గీతపని అన్నను అడిగాను, నా దగ్గర చదువుకున్న పిల్లల తండ్రులను అడిగాను. ఎవరూ కాదనలేదు. చూద్దాం సారూ అన్నారు. మా దిక్కున చూద్దాం అంటే కుదరదని. నెలాఖరు దగ్గరికొచ్చింది. నాకు కోపం వచ్చింది. నేను వీళ్ల పిల్లల కోసం గొంతు చించుకున్నానే, నా కోసం ఒక్క వేలిముద్ర వెయ్యలేరా అని అవ్వ దగ్గర కసురుకున్నాను. ఆమె ఒంటి చేత్తో జొన్నపిండి పిసుకుతూ విన్నది.

"పొద్దుగాల్ల పోదాం తియ్యి సారూ" అంది.

సారూ అంది కనక కోపంగా ఉందని అర్థమైంది. అయినా వద్దనలేదు. వద్దనాల్సిన మాట నోటిదాకా వచ్చింది, నేనే దాన్ని ఆపుకున్నాను. ఇది రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

తెల్లవారకముందే బయల్దేరి మానుకోట చేరేసరికి ఎండెక్కింది. మర్నాడు పొద్దున హైదరాబాదులో కాగితాలు అందివ్వాలి. అంటే మధ్యాహ్నం బండి నేను ఎక్కి తీరాలి. అవ్వ దారికి ఒక మూట కట్టింది, అది నేనే మోశాను. ఠాణాలో అమీను ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. చేతి కట్టు చూశాడు, చూపు తిప్పుకున్నాడు.

"ఏమ్మా, ఈయన్ని ఎరుగుదువా?"

"ఎర్కనే. మా సారు. నా ఇంట్లనే ఉంటడు, నా చేతి కూడే తింటడు."

"మొన్న ఈ పేరే వినలేదని వేలిముద్ర వేశావే?"

"మొన్న అబద్ధం చెప్పిన. ఇయ్యాల నిజం చెప్తున్న."

"అబద్ధం ఎందుకు చెప్పావు?"

"మీరు అడిగిన్రు గద."

జవాన్లలో ఒకడు నవ్వాపుకోలేకపోయాడు. అమీను నవ్వలేదు. ఆమె మాటను యాసతో సహా ఒకసారి వెక్కిరించి, రాయసగాడి చేత తస్దీఖ్ కాగితం రాయించాడు. ముద్ర కొట్టి నా చేతిలో పెట్టాడు. నేను దండం పెట్టి, పద అవ్వా అన్నాను.

"ఆమె ఎక్కడికి?" అన్నాడు అమీను. "నువ్వు వెళ్లు. మొన్న తప్పుడు వాంగ్మూలం ఇచ్చానని ఈవిడే ఒప్పుకుంది. మొన్న నిన్ను దాచింది, ఇంకెందర్ని దాచిందో అడగొద్దూ?"

నేను ఏదో చెప్పబోయాను. నా చేతిలో కాగితం ఉంది. గట్టిగా మాట్లాడితే వెనక్కి లాక్కుంటాడేమోనని గొంతు తగ్గించి మాట్లాడాను. తగ్గించి మాట్లాడిన మాట ఎవరు వింటారు? అవ్వ గోడవారగా చతికిలబడింది. బాగున్న చేత్తో నన్ను పొమ్మని సైగ చేసింది.

"పో కొడుకా, బండి ఎల్లిపోతది."

నేను వెళ్లిపోయాను. స్టేషనుకు పోయి టికెట్ కొన్నాను, బండి ఎక్కాను, కిటికీ పక్కన కూర్చున్నాను. ముసలిదాన్ని ఏం చేస్తారు, రేపు వదిలేస్తారు అని నాకు నేనే చెప్పుకున్నాను. కాజీపేట దాకా అదే చెప్పుకున్నాను. ఇన్ని అనుమానాలున్నవాణ్ని, ఆ ఒక్క మాట మాత్రం అనుమానించకుండా నమ్మాలని తెగ ప్రయత్నించాను.

కాజీపేట దాటాక ఆకలేసి చూసుకుంటే మూట నా దగ్గరే ఉంది. విప్పాను. నాలుగు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, మిరపకాయ నూరిన కారం. ఇద్దరికి సరిపడా కట్టింది. మూట చివర ముడిలో ఆమె తంబాకు, సున్నపు డబ్బీ ఉన్నాయి. తంబాకు లేకుండా ఆమె గడియసేపు కూర్చోలేదు. చేతికి కట్టు కడుతున్నప్పుడు కూడా నోట్లో అదే పెట్టుకుని నొప్పి ఓర్చుకుందట. ఇప్పుడు ఆ గోడవారన తిండి లేకుండా, అది కూడా లేకుండా కూర్చుని ఉంది. రొట్టె తుంచాను కానీ నోట్లో పెట్టుకోలేకపోయాను.

రఘునాథపల్లిలో బండి ఆగింది. తర్వాతి స్టేషను జనగామ. జనగామలో దిగితే మా అక్క ఉంటుంది, అన్నం పెడుతుంది, నువ్వు చేసింది సరైందేరా తమ్ముడూ అంటుంది. ఆ మాట విన్నానంటే ఇక హైదరాబాదు పోవడమే గాని వెనక్కి రాను. నన్ను నేను బాగా ఎరుగుదును. అందుకే మూట పట్టుకుని రఘునాథపల్లిలోనే దిగేశాను. ఎదురుబండి వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ నడుస్తూ ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను.

ఠాణా చేరేసరికి పొద్దు వాలుతోంది. అవ్వ అక్కడే ఉంది. కొత్త దెబ్బలేవీ కనిపించలేదు. అమీను టీ తాగుతున్నాడు. నేను వీలైనంత పుస్తకాల తెలుగులో, వీలైనంత గట్టిగా చెప్పాను.

"అయ్యా, ఈ కాగితం వెనక్కి తీసుకోండి. ఈమె నన్ను ఎరగదు. మొన్న చెప్పిందే నిజం. చీర కొనిపెడతానని ఆశపెట్టి ఇవాళ నేనే ఈమె చేత అబద్ధం చెప్పించాను."

"అయితే నువ్వెవరు?"

"పంతులునే. కానీ కాగితం మీద పంతులును. ఆ ఊరి మొహం నేనెన్నడూ చూడలేదు. ఊళ్లో గొడవలని భయపడి జనగామలో మా అక్క ఇంట్లో కూర్చుని జీతం తీసుకున్నాను. ఆ ఊళ్లో బడి లేదు. ఊరివాళ్లు మీకు నిజమే చెప్పారు."

అమీను మొహం చూడాలి అప్పుడు. అలాంటి పంతుళ్లను ఆయన ఎందరినో చూసి ఉంటాడు. నాకు ముందే తెలుసు, ముందే తెలుసు అని బల్ల మీద చరిచాడు. అనుమానం నిజమైనప్పుడు మనిషికి ఎంత సంతోషం కలుగుతుందో నాకు తెలుసు, ఆ సంతోషం నేను చాలాసార్లు పడ్డాను. ఎదుటి మనిషి మొహంలో చూడడం అదే మొదటిసారి. ఎంత వికారంగా ఉంటుందో! లేచి వచ్చి నా చెంప పగలగొట్టాడు. తస్దీఖ్ కాగితం నాలుగు ముక్కలు చేశాడు. విద్యాశాఖకు రాసి నీ కొలువు ఊడగొట్టిస్తానన్నాడు. ఆ మాట ప్రకారం ఊడగొట్టించాడు కూడా. ముసల్దాన్ని తీసుకుని కనబడకుండా పో అన్నాడు.

ఆ రాత్రి స్టేషను బయట పడుకుని, తెల్లారి ఊరి దారి పట్టాం. అవ్వ రొట్టె తిని, తంబాకు దవడన పెట్టుకుని, నా కన్నా వేగంగా నడిచింది. నా దవడ వాచిపోయింది. అబిసీనియా పోయింది, కొలువు పోయింది, రేపు దళం అడిగితే ఏం చెప్పాలో తెలియదు. ఆమె ఒక మంచి మాట అంటుందేమోనని ఎదురుచూశాను. నా కోసం ఇంత చేసినవ్ కొడుకా అంటుందనుకున్నాను. క్రోసు దూరం నడిచినా ఏమీ అనలేదు. ఈమెకు నా మీద ఏదో కోపం ఉందని మళ్లీ అనుమానం మొదలైంది.

చెలక దాటి బండ్లబాట ఎక్కాక ఆమె ఆగింది. నన్ను కూడా ఆగమంది.

"గా హబ్సీ పిల్లలకు ఇగ ఎవలు సదువు చెప్తరు కొడుకా?"

ఊరంతా అండమాన్ అన్నప్పుడు ఈమె ఒక్కతే నా మాట నమ్మిందని నాకు అప్పుడు తెలిసింది. అందుకే ఠాణాకు వచ్చింది. నా కోసమే వచ్చిందనుకుంటూ ఉన్నాను నేను. దరఖాస్తు పెట్టినప్పటి నుంచి కాగితం ముక్కలయ్యేదాకా, సర్కారు ఎందుకు పంపుతోందని, పోలీసులు ఏమనుకుంటారని, దళం ఏం చేస్తుందని ఎన్నో ఆలోచించాను. సముద్రం అవతల ఒక గదిలో కొందరు పిల్లలు పంతులు కోసం చూస్తూ కూర్చుంటారని ఒక్కసారి కూడా అనుకోలేదు. చెంపదెబ్బకు రాని కన్నీళ్లు అప్పుడు వచ్చాయి.

"ఎవల్నో ఒకల్ని పంపుతరు తియ్యి అవ్వా" అన్నాను.

ఆమె తంబాకు ఉమ్మి, నా మొహంలోకి చూసింది.

"నిజంగ పంపుతరా, కాగితం మీద పంపుతరా?" అంది.